మొదటి ఇన్‌ఫిల్ చిత్రిక: డవ్‌టెయిల్ తప్పనిసరా, మరలు బిగిస్తే సరిపోతుందా?

ఉలిమొన (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఉక్కు పెట్టెలో చెక్క దిమ్మలు బిగించి చేసే ఇన్‌ఫిల్ చిత్రిక ఒకటి చేతితో చేద్దామని లెక్కలు వేస్తున్నాను. నునుపు పట్టే చిన్న చిత్రికే, పొడుగు జాయింటర్ కాదు. కాగితం మీద ఉన్న కొలతలు ఇవి.

అడుగు పలక పొడవు 230 మి.మీ., మందం 6.4 (రుద్దాక 6 మిగలాలని). పక్క పలకలు 4 మి.మీ. మైల్డ్ స్టీలు, రెండూ నిటారుగా, సమాంతరంగా. బ్లేడు వెడల్పు 50, మందం 5, దాని మీద క్యాప్ ఐరన్ (బ్లేడుకి బిగించే రెండో రేకు). పెట్టె లోపలి వెడల్పు 51. బెడ్ (బ్లేడు ఆనే వాలు) కోణం 47.5 డిగ్రీలు, లండన్‌లో చేసిన పాత నోరిస్ చిత్రికల్లో ఉన్నట్టే. బిగింపుకి కంచు లివర్ క్యాప్ (బ్లేడుని బెడ్‌కి నొక్కి పట్టే మూత).

తేలనివి మూడు. ఒకటి, అడుగుని పక్కలతో కలపడానికి డవ్‌టెయిల్ (కొసన వెడల్పయ్యే తోక ఆకారపు పళ్లు) కోసి సుత్తితో విప్పార్చడం నిజంగా అవసరమా, మరలతో బిగించి తలలు అరగదీస్తే పని నడవదా? రెండు, లోపలి చెక్కకి రోజ్‌వుడ్డే ఎందుకంటారు, బీచ్ పెడితే ఏమవుతుంది? మూడు, మామూలు పోత ఇనుప చిత్రికకి మంచి బ్లేడు వేసి క్యాప్ ఐరన్ సరిగ్గా పెడితే వచ్చే పనికీ దీనికీ తేడా ఎంత? మూడోదానికి మొహమాటం లేకుండా చెప్పండి. అందంగా ఉంటుందన్నది ఒప్పుకునే మొదలుపెడుతున్నాను.

ఆకురాయి:

మీ మొదటి ప్రశ్నకి పొట్టి జవాబు: మరలతోనూ పని నడుస్తుంది. చిత్రిక పట్టేటప్పుడు అడుగుకీ పక్కకీ మధ్య కీలు మీద పడే బలం చాలా తక్కువ. అడుగు పలక అంచులో 25 మి.మీ.కి ఒకటి చొప్పున 2.5 బెజ్జం వేసి ఎం3 (3 మి.మీ.) మర కోసి, కౌంటర్‌సింక్ తల (పలకలోకి దిగిపోయే శంకువు తల) మరలు బిగించి, తల మీది గాడిని సుత్తితో మూసి ఆకురాయితో సాఫు చేస్తే కీలు ఊడదు, కంటికీ కనపడదు. ఒక్క జాగ్రత్త ఉంది. పలక మందం 6.4 మాత్రమే కాబట్టి బెజ్జం సరిగ్గా నడిమధ్యన పడాలి. అర మిల్లీమీటరు కిందికి జరిగినా, అడుగు రుద్దేటప్పుడు గోడ పల్చబడి మర ఆనవాలు బయటపడుతుంది.

వెండి సోల్డరు అతుకు గురించి ఎవరైనా చెబితే వినకండి. 650 డిగ్రీల దగ్గర పొడవాటి పలక వంగకుండా ఉండడం అరుదు.

ఇక డవ్‌టెయిల్. ఇది చెక్కలో కోసే డవ్‌టెయిల్ లాంటిది కాదు, రెండు దిక్కులా బంధించేది. పక్క పలక కింది అంచులో తోకలు, అడుగు పలక అంచులో వాటికి సరిపోయే పళ్లు కోస్తాం. తోకలు కిందికి వెడల్పవుతాయి కాబట్టి అడుగు కిందికి జారిపోదు. కానీ పక్క పలకని బయటికి లాగితే ఊడి వచ్చేస్తుంది. దాన్ని ఆపడానికే సుత్తి. తోకల పక్క అంచుల్ని బయటి ముఖం వైపు ఆకురాయితో ఏటవాలుగా గీకుతాం, లోతు రెండు మిల్లీమీటర్లు, కోణం పది పదిహేను డిగ్రీలు చాలు. అడుగు పలక పళ్లు పక్క పలక బయటి ముఖం దాటి ఒక మిల్లీమీటరు పొడుచుకొచ్చేలా ఉంచి, గుండ్రటి మొన ఉన్న చిన్న సుత్తితో కొడితే ఆ లోహం విప్పారి ఏటవాలులోకి దిగుతుంది. చల్లగా ఉన్న ఉక్కే. అక్కణ్ణించి అది అటూ రాదు, ఇటూ రాదు. అంతా అరగదీశాక చూస్తే పక్క నుంచీ డవ్‌టెయిలే, కింద నుంచీ డవ్‌టెయిలే. ఇలాంటి రెండు ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి ఎలా దూర్చారో చూసేవాడికి అర్థం కాదు. స్కాట్‌లాండ్‌లో ఎయిర్ ఊళ్లో స్టీవర్ట్ స్పైర్స్ 1840ల నుంచి అమ్మిన చిత్రికలదీ, తర్వాత లండన్‌లో నోరిస్ చేసిన వాటిదీ ఇదే పద్ధతి.

మీ కొలతలకి అడుగు పలకని ఎంత వెడల్పు కోయాలంటే: లోపల 51, పక్కలు రెండూ 8, రెండు వైపులా పొడుచుకొచ్చే మిల్లీమీటర్లు 2, మొత్తం 61. తోకలు కూడా కిందికి ఒక మిల్లీమీటరు పొడుచుకురావాలి.

వరస ముఖ్యం. రెండు పక్క పలకల్నీ కలిపి బిగించి తోకలు ఒకేసారి కోయండి. లివర్ క్యాప్ ఇరుసు బెజ్జం, రివెట్ల బెజ్జాలు కూడా అప్పుడే వేసేయండి. విడివిడిగా వేస్తే ఇరుసు ఎటో ఒకవైపు వాలుతుంది, లివర్ క్యాప్ ఒక మూలే నొక్కుతుంది, చిత్రిక ఆయుష్షంతా బ్లేడు ఒక పక్కకి పాకుతూనే ఉంటుంది. తర్వాత తోకల్ని అడుగు పలక మీద పెట్టి సూదిమొనతో గీసి, రంపంతో లోపలికి కోసి, మిగిలింది ఆకురాయితో. వేలితో నొక్కితే కదలకుండా, సుత్తి పిడితో తడితే దిగేలా రావాలి. చిన్న సందులు భయపెట్టవు, సుత్తి వాటిని మూసేస్తుంది. పావు మిల్లీమీటరు దాటిన సందు మాత్రం పైపైన మూసుకుని, లోపల బోలుగా మిగిలి, అరగదీశాక నల్లగీతై తేలుతుంది.

నోటి (అడుగులో బ్లేడు మొన బయటికొచ్చే చీలిక) మూలకి ఎదురుగా డవ్‌టెయిల్ కోత గీత రాకుండా చూసుకోండి. మీ చిత్రికలో నోరు లోపలి వెడల్పంతా ఉంటుంది, అంటే అక్కడ ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పట్టి ఉంచేది అంచున మిగిలిన నాలుగు మిల్లీమీటర్లే. కోత గీత కూడా అక్కడే పడితే కొట్టేటప్పుడు అడుగు అక్కడే వంగుతుంది.

కొట్టేముందు పెట్టె లోపల సరిగ్గా 51 మి.మీ. వెడల్పున్న దిమ్మ ఇరికించి బోల్టులతో బిగించాలి. గట్టి చెక్క పనికొస్తుంది, అల్యూమినియం అయితే ఇంకా నయం. దిమ్మ లేకుండా కొడితే పక్కలు లోపలికి వాలతాయి, తర్వాత సరిచేయడం ఉండదు. 200–250 గ్రాముల సుత్తితో చిన్న దెబ్బలు, ఎక్కువ దెబ్బలు. మధ్య తోకతో మొదలుపెట్టి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, వైపు మార్చుకుంటూ పోవాలి. ఒక వైపంతా ముగించి రెండోది మొదలుపెడితే అడుగు అరటిపండులా వంగుతుంది. దెబ్బ తిన్న అంచు సాగుతుంది కదా, సాగిన వైపు పొడవు పెరుగుతుంది.

ఉక్కు ఎంచుకునేటప్పుడు సులువుగా కోతకొచ్చే సీసం, గంధకం కలిపిన రకాలు వద్దు. లేతుమీద వెన్నలా తెగుతాయి, సుత్తి కింద మాత్రం సాగకుండా అంచులు పొడిపొడిగా రాలతాయి. మామూలు తక్కువ కార్బన్ మైల్డ్ స్టీలు చాలు. చల్లగా రోల్ చేసిన పట్టీ అయితే లోపల బిగుతు ఉంటుంది, నోరు కోయగానే కాస్త వంగుతుంది. నోటిని ముందు సన్నగా చీల్చి, వంగితే సరిచేసి, ఆ తర్వాతే డవ్‌టెయిళ్ల గీతలు గీయండి.

పక్కలకి ఇత్తడి వాడితే కొట్టడం సులువు, కంటికీ బావుంటుంది. అయితే ఇత్తడి కొట్టేకొద్దీ గట్టిపడుతుంది, ఇంకా కొడితే చిట్లుతుంది. మధ్యలో కాల్చి మెత్తబరచడం పెట్టెగా అమర్చాక కుదరదు. కాబట్టి పలకల్ని ముందే కాల్చి మెత్తబరిచి, తక్కువ దెబ్బలతో పని అయ్యేలా కీలుని బిగువుగా కోసుకోవాలి.

పొరచూసేవాడు:

మొహమాటం వద్దన్నారు కాబట్టి మూడో ప్రశ్న నేను తీసుకుంటాను.

ఎదురు నారలో పెచ్చులు లేవకుండా ఆపేది ప్రధానంగా క్యాప్ ఐరన్. దాని ముందు అంచుని 50 డిగ్రీలకి కాస్త అటూఇటూగా పాలిష్ చేసి, బ్లేడు మొనకి 0.15–0.2 మి.మీ. వెనక పెడితే పైకి లేస్తున్న పొరని అక్కడే విరిచి కిందికి నొక్కుతుంది. ఈ పని రెండు మిల్లీమీటర్ల బ్లేడున్న మామూలు ఇనుప చిత్రికలోనూ జరుగుతుంది. ఇన్‌ఫిల్‌కి మాత్రమే దక్కిన విద్య కాదు.

బరువు సంగతి. మీ కొలతలతో లెక్క వేస్తే అడుగు పలక సుమారు 650 గ్రాములు, వంపు కోశాక పక్కలు రెండూ కలిపి 550, బ్లేడు 370, క్యాప్ ఐరన్ ఓ 120, లివర్ క్యాప్ 250, చెక్క 200 పైచిలుకు. రెండుంబావు కిలోల లోపు తేలుతుంది. అదే సైజు పోత ఇనుప చిత్రిక 1.7 కిలోల దగ్గర ఉంటుంది. ఆ అరకిలో ముడులున్న చోట చిత్రిక ఆగిపోకుండా తోసుకుపోవడానికి పనికొస్తుంది. పెద్ద బల్ల పలక మీద గంటసేపు పట్టాక అదే అరకిలో మణికట్టులో తెలుస్తుంది.

ఇప్పుడు మందం బ్లేడు. "5 మి.మీ. బ్లేడు 2 మి.మీ. బ్లేడు కన్నా 15 రెట్లు గట్టి" అని అందరూ రాస్తారు. మందం ఘనంతో గట్టిదనం పెరుగుతుంది కాబట్టి లెక్క తప్పు కాదు. కానీ కోసేది బ్లేడు మధ్య భాగం కాదు, మొన. 30 డిగ్రీలకి సాన పట్టిన మొన ఏ మందం బ్లేడులోనైనా అదే ఆకారం, అదే కోణం. 5 మి.మీ. బ్లేడుకి సాన ఏటవాలు మొన నుంచి బ్లేడు పొడవునా 8.7 మి.మీ. వెనక్కి పోతుంది, 2 మి.మీ. దానికి 3.5. అంతవరకూ కింద ఏ ఆధారమూ లేదు. మందంతో పాటు గాల్లో ఉన్న పొడవూ అదే నిష్పత్తిలో పెరిగింది, అంటే ఆ మొన ముక్క వరకు మందం వల్ల ఒరిగిందేమీ లేదు. లాభమంతా ఆ వెనక, బెడ్ మీద ఆనిన చోట.

ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మీ అడుగు మందం రుద్దాక 6. 47.5 డిగ్రీల వాలులో కొలిస్తే నోటి వెనక ఉక్కు వాలు పొడవు 8.1 మి.మీ. వస్తుంది. బ్లేడు వెన్ను బెడ్‌ని తాకడం మొదలయ్యేది 8.7 దగ్గర. అంటే అంత శ్రమపడి వాలుగా ఆకురాయి పెట్టిన ఉక్కుని బ్లేడు అసలు తాకదు! దాన్ని మోసేది ఉక్కుకి సరిగ్గా పైన మొదలయ్యే చెక్క. ఆ చెక్క కింది కొస ఒక వెంట్రుకవాసి లోతుగా ఉన్నా బ్లేడు ఇంకా పైన ఎక్కడో ఆనుతుంది, గట్టి చెక్క మీద టరటరమని వణుకుతుంది, పట్టిన ముఖం మీద అడ్డంగా సన్నటి అలలు కనిపిస్తాయి. ఇన్‌ఫిల్ కొని "నా పాత చిత్రికే నయం" అనేవాళ్ల చిత్రికల్లో మొదట అనుమానించాల్సిన చోటు ఇదే.

దీనికి దారులు రెండు. అడుగుని 8 మి.మీ. చేస్తే ఉక్కు వాలు 10.9 వస్తుంది, బ్లేడు ఉక్కు మీదే కూర్చుంటుంది. లేదా బ్లేడుని 4 మి.మీ.కి తగ్గించండి, అప్పుడు ఆధారం 6.9 దగ్గర మొదలవుతుంది. నేనైతే రెండోదే అంటాను. సాన పట్టేటప్పుడు రాయికి తగిలే వెడల్పు కూడా 10 నుంచి 8కి తగ్గుతుంది, అది ప్రతిసారీ కలిసొచ్చే లాభం.

మొత్తమ్మీద పనిలో తేడా ఉంది, అయితే కొద్దిగానే. సరిగ్గా కట్టిన ఇన్‌ఫిల్‌లో బ్లేడు, క్యాప్ ఐరన్, బెడ్, లివర్ క్యాప్ ఒకే ముద్దలా బిగుసుకుంటాయి, మధ్యలో కదిలే ఫ్రాగ్ (ఇనుప చిత్రికల్లో బ్లేడు ఆనే విడి ముక్క) లేదు. మెలికలు తిరిగిన నార మీద 0.03 మి.మీ. పొర తీసేటప్పుడు ఆ నిలకడ చేతికి తెలుస్తుంది. సాదా టేకు పలక మీద తెలియదు.

ఉలిమొన:

8.1కీ 8.7కీ ఉన్న తేడా నా గీతలో పడలేదు, పెన్సిల్‌తో గీసి చూస్తే నిజమే. బ్లేడు 4కి మారుస్తున్నాను. ఇంకో అనుమానం: 25 డిగ్రీలకి సాన పట్టి మొనకి మాత్రం 30 ఇస్తే ఈ లెక్క మారుతుందా?

పొరచూసేవాడు:

మారుతుంది, చెడ్డ వైపుకి. లెక్కలోకి వచ్చేది ప్రధాన ఏటవాలు. 4 మి.మీ. బ్లేడుకి 25 డిగ్రీలైతే ఆధారం 8.6 దగ్గర మొదలవుతుంది, మళ్లీ ఉక్కు దాటిపోయారు. ప్రధాన ఏటవాలే 30 పెట్టి, మొనకి 32–33 ఇవ్వండి. 47.5 బెడ్‌లో 33 మొన పెట్టినా కింద 14.5 డిగ్రీల ఖాళీ ఉంటుంది, సరిపోతుంది.

బ్లేడు మీరే చేసుకునేటట్టయితే ఓ1 అనే, నూనెలో ముంచి గట్టిపరిచే రకం ఉక్కు. అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకొంచెం వేడి చేసి 800 డిగ్రీల చుట్టుపక్కల నూనెలో నిలువుగా ముంచాలి, పక్కకి వాల్చి ముంచితే వంగుతుంది. వెంటనే 200 డిగ్రీల పొయ్యిలో గంట చొప్పున రెండుసార్లు. గట్టిదనం 60–61 రాక్‌వెల్ దగ్గర తేలుతుంది. వెన్నుని గట్టిపరిచాకే చదును చేయండి, ముందు చేసినదంతా వృథా.

దిమ్మచెక్క:

చెక్క ప్రశ్న మిగిలిపోయినట్టుంది.

రోజ్‌వుడ్ ఎంచుకోవడానికి రంగు రెండో కారణం. మొదటి కారణం తేమకి అది తక్కువ కదలడం. పచ్చి చెక్క పూర్తిగా ఆరేదాకా బీచ్ వయసు వలయాల వెంబడి 11–12 శాతం, వలయాలకి అడ్డంగా 5–6 శాతం కుదించుకుంటుంది. రోజ్‌వుడ్‌లో అవి సుమారు 6, 3. మీ పెట్టె లోపలి వెడల్పు 51 మి.మీ. ఎండాకాలానికీ వానాకాలానికీ చెక్కలో తేమ నాలుగు శాతం మారిందనుకోండి. వలయాలు మంచి దిక్కులో పెట్టిన బీచ్ దిమ్మ 0.4 మి.మీ. ఉబ్బుతుంది, రోజ్‌వుడ్ 0.2. దిక్కు తప్పితే రెండూ రెట్టింపు. ఉక్కు కదలదు కాబట్టి ఆ ఉబ్బు పక్కల్ని బయటికి తోస్తుంది, అడుగు నడుమ వంపు తేలుతుంది. ఎండాకాలంలో దీనికి తిరగబడి జరుగుతుంది: దిమ్మ ముడుచుకుంటుంది, రివెట్లు పట్టి ఉంచుతాయి, చెక్క రివెట్ల వరస వెంట చీలుతుంది. పాత చిత్రికల్లో ముందు దిమ్మ మీద పొడుగ్గా కనిపించే పగులు చాలావరకు ఇదే.

అందుకని బీచ్ పనికిరాదని కాదు. పాతకాలంలో చవక రకం ఇన్‌ఫిల్స్‌లో బీచ్ నింపి నల్లగా రంగేసి అమ్మేవారు, వాటిలో ఇప్పటికీ పని చేస్తున్నవి ఉన్నాయి. వలయాల దిక్కు చూసుకోవాలంతే. దిమ్మ కొసన చూస్తే వలయాల గీతలు నిలువుగా, పక్క పలకలకి సమాంతరంగా ఉండాలి. అప్పుడు తక్కువ కదిలే దిక్కు 51 మి.మీ. వెడల్పులో పడుతుంది, ఎక్కువ కదిలేది ఎత్తులో పడుతుంది, ఎత్తులో పైన ఖాళీయే కదా. ఎబొనీ జోలికి మొదటిసారే వెళ్లకండి. చూడడానికి దివ్యంగా ఉంటుంది, ఆరేటప్పుడు మాత్రం సన్నటి పగుళ్లు దాచుకుంటుంది. రివెట్ దెబ్బకి అవి బయటపడతాయి.

కోయాల్సిన సైజు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి దిమ్మలు కోసి, చిత్రిక వాడబోయే గదిలోనే కొన్ని నెలలు పెట్టండి. వారానికోసారి తూకం వేయండి. బరువు మారడం ఆగేదాకా తొందర లేదు, ఈలోగా లోహపు పని చేసుకోవచ్చు.

అతికించే రోజు రోజ్‌వుడ్ ముఖాన్ని ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే ఎపాక్సీ రాయాలి. దాంట్లో నూనె ఉంటుంది, తుడవకపోతే ఎపాక్సీ చెక్కని కాక నూనెని పట్టుకుంటుంది. ఉక్కు లోపలి ముఖాన్ని 80 గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్దండి. అద్దంలా మెరిసే ఉక్కుకి ఏదీ అంటదు.

రివెట్లకి 5 మి.మీ. కడ్డీ, ఉక్కైనా ఇత్తడైనా. పక్క పలక బెజ్జానికి బయట ఒక మిల్లీమీటరు లోతు కౌంటర్‌సింక్, కడ్డీ రెండు కొసలా మిల్లీమీటరున్నర పొడుచుకొచ్చేలా. ఒక దిమ్మకి ఒకే వరసలో రెండు చాలు. పైనొకటి కిందొకటి రెండు వరసలు వేస్తే ఎత్తులో కదలాలనుకునే చెక్కని మీరే కట్టేసినట్టు, చీలక ఏం చేస్తుంది. అతిగా కొట్టినా చిక్కే: పక్కలు లోపలికి లాగబడి 51 కాస్తా 50.6 అవుతుంది, బ్లేడుని అటూఇటూ సర్దే ఖాళీ పోతుంది. ప్రతి రివెట్ తర్వాతా నోటి దగ్గర 51 మి.మీ. కొలత ముక్క దూరుతోందో లేదో చూడండి.

పొరచూసేవాడు గారు చెప్పిన బెడ్ సంగతికి చిన్న చేర్పు. వెనక దిమ్మని వాలు మీద 0.2–0.3 మి.మీ. ఎత్తుగా ఉంచి అతికించండి. ఎపాక్సీ గట్టిపడి రివెట్లు కొట్టాక, ఉక్కు వాలునీ చెక్కనీ కలిపి ఒకే వెడల్పాటి ఆకురాయితో చదును చేయండి. బ్లేడు వెన్నుకి రంగు పూసి ఆనించి తీస్తే ఎక్కడ తగులుతోందో మరక చెబుతుంది. కింద ఒక అడ్డపట్టీ, పైన లివర్ క్యాప్ మర నొక్కే చోట ఒక పట్టీ, ఈ రెండు చోట్లా మరక పడితే చాలు. నడుమ కాస్త లోతున్నా ఫర్వాలేదు. నడుమ ఎత్తుంటే మాత్రం బ్లేడు తూగుడు బల్లే.

ఆకురాయి:

చివరి దశ గురించి ఎవరూ రాయలేదు, మంచి పెట్టెలు పాడయ్యేది అక్కడే. నోరు.

చాలామంది నోటిని మొదటే 0.2కి తెచ్చేసి మురిసిపోతారు. తర్వాత అడుగు రుద్దుతారు, నోరు తెరుచుకుంటుంది. ఎందుకంటే బ్లేడు వాలుగా ఉంది. అడుగు 0.1 మి.మీ. అరిగితే, నోటి ముందు గోడ నిలువుగా ఉన్నా, సందు సుమారు 0.09 పెరుగుతుంది. ఆ గోడ ముందుకి వాలి ఉంటే ఇంకొంచెం. సుత్తి దెబ్బల వంపు తీయడానికి 0.3–0.4 రుద్దాల్సి రావడం మామూలే. 6.4 నుంచి 6కి అని మీరు రాసుకున్నది కూడా అంతే కదా. అంటే 0.2 నోరు చూస్తుండగానే అరమిల్లీమీటరు దాటుతుంది, దాన్ని మళ్లీ మూసే ఉపాయం లేదు.

అందుకని నోటిని బ్లేడు దూరనంత ఇరుకుగానే వదిలేయండి. దిమ్మలు అతికించి, రివెట్లు కొట్టి, లివర్ క్యాప్ అమర్చి, బ్లేడుని నోటికి కాస్త పైనే ఆపి వాడేంత బిగువుతో బిగించి, అప్పుడు అడుగు రుద్దండి. లివర్ క్యాప్ బిగిస్తే అడుగు కొద్దిగా ఉబ్బుతుంది. వదులుగా ఉంచి రుద్దిన అడుగు, బిగించగానే చదును తప్పుతుంది. గ్రానైట్ పలక మీద 80 గరుకుతో మొదలుపెట్టి 120, 180, 240, 320. అడుగు మీద మార్కరుతో అడ్డగీతలు గీసి ఐదారు తోపులకోసారి చూడండి. ముందు కొస, నోటి ముందు అంచు, వెనక కొస, ఈ మూడు చోట్లా గీతలు ఒకేసారి చెరిగితే చాలు. నోటి వెనక నడుమ కాస్త లోతు మిగిలినా పనికి అడ్డు రాదు. నోటి ముందు అంచు లోతుగా మిగిలితే మాత్రం పొరని నొక్కి పట్టేది లేనట్టే, ఇంకా రుద్దాలి.

ఆ తర్వాతే నోరు. సన్నటి చదును ఆకురాయి, ఒక పక్క పళ్లు లేనిది తీసుకోండి, ఆ పక్క బెడ్‌కి ఆనుతుంది, ముందు గోడని మాత్రమే అరగదీస్తుంది. ఐదు తోపులు, బ్లేడు దింపి చూడడం, మళ్లీ ఐదు తోపులు. ముందు గోడ నోటి అంచు నుంచి పైకి పోయేకొద్దీ ముందుకి వాలాలి, లేకపోతే పొర పైకి పోయే దారి ఉండదు.

క్యాప్ ఐరన్‌ని 0.15 దగ్గర పెట్టి వాడబోతున్నారు కాబట్టి నోటిని 0.1కి బిగించాలన్న మోజు వదిలేయండి. రెండూ ఇరుకైతే క్యాప్ ఐరన్ విరిచిన పొర నోటి గోడకి కొట్టుకుని అకార్డియన్‌లా ముడతలు పడి ఇరుక్కుంటుంది. 0.3 మంచి కొలత. క్యాప్ ఐరన్ లేక, నోరొక్కటే కాపాడాల్సిన ఒంటి బ్లేడు చిత్రికకైతే 0.1 సబబు.

ఉలిమొన:

నోటి వరస నాకు తలకిందులుగా ఉంది, మార్చుకున్నాను. ఆఖరిది: నోరిస్ తరహా అడ్జస్టర్ (బ్లేడుని సర్దే మర) పెట్టాలా, వదిలేయాలా?

ఆకురాయి:

మొదటి చిత్రికకి వదిలేయండి. నోరిస్ 1913లో పేటెంట్ తీసుకున్న ఆ మర ఒక్కటే బ్లేడుని లోతుకీ పక్కలకీ సర్దుతుంది, తెలివైన పనే. కానీ దానికోసం వెనక దిమ్మలో, సరిగ్గా బ్లేడుకి ఆధారం కావాల్సిన చోట గాడి తవ్వాలి. పైగా లివర్ క్యాప్ వదులు చేయకుండా తిప్పేవాళ్ల చేతిలో మర అరిగి, సగం తిప్పు వరకు ఏమీ జరగదు. పాత చిత్రిక కొనేటప్పుడు ముందు చూడాల్సింది అదే.

అడ్జస్టర్ లేకుండా ఇలా సర్దుకోవాలి. చదునైన మెత్తటి చెక్క మీద చిత్రిక పెట్టి, లివర్ క్యాప్ వదులు చేసి, బ్లేడుని తన బరువుతో చెక్కకి తాకేలా దించండి. వేళ్లతో బిగించండి, పట్టకారు వద్దు. 100 గ్రాముల ఇత్తడి సుత్తితో బ్లేడు పై కొసన ఒక్క తట్టు. సన్నటి చెక్క ముక్కని నోటి ఎడమ కొస మీదా కుడి కొస మీదా లాగి చూడండి. ఏ వైపు మందం పొర వస్తే, బ్లేడు పైభాగం దానికి ఎదుటి వైపుకి జరిగేలా పక్క నుంచి తట్టండి, మందం పొర వచ్చిన వైపు మొన పైకి లేస్తుంది. లోతు ఎక్కువైతే వెనక్కి కొట్టే ప్రయత్నం చేయకండి, పిడి మీద దెబ్బలు పడతాయి. వదులు చేసి మొదటి నుంచి పెట్టుకోవడమే త్వరగా అవుతుంది.

పొరచూసేవాడు:

పక్కకి తట్టే దిక్కు మొదట్లో తికమకగా ఉంటుంది. బ్లేడు బిగింపు చోట ఇరుసులా తిరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు: పై కొస కుడికి పోతే మొన ఎడమకి ఊగుతుంది, కుడి మూల బయటికొస్తుంది, ఎడమ మూల లోపలికి పోతుంది. అందుకని లివర్ క్యాప్ ముందు అంచు వెడల్పంతా సమంగా నొక్కుతోందో లేదో ఒకసారి చూసుకోండి. క్యాప్ ఐరన్‌కీ దానికీ మధ్య రెండు కాగితం ముక్కలు, ఎడమనొకటి కుడినొకటి పెట్టి బిగించండి. ఒకటి జారివస్తే ఆకురాయి పెట్టాల్సింది రెండో వైపు.